బ్యాంకు ఎవరిది? లెక్క చెప్పేదెవరికి?

చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే ఎక్కడ దాచుకోవాలి, అవసరం వచ్చినప్పుడు ఎవరిని అడగాలి అన్న ఆలోచన లేని ఇల్లు ఉండదు. బ్యాంకు గడప తొక్కే ముందు మనం చాలా సంగతులు విచారిస్తాం. వడ్డీ ఎంత, కాగితాలు ఏమేమి కావాలి, పూచీకి ఎవరుండాలి, మేనేజరు మాట వినేవాడేనా అని నలుగురినీ అడుగుతాం. ఆ బ్యాంకు యజమాని ఎవరని మాత్రం అడగం. అది ఢిల్లీలోనో బొంబాయిలోనో పెద్దలు చూసుకునే వ్యవహారమని వదిలేస్తాం. నిజానికి మన దరఖాస్తు ఏ బల్ల మీద ఆగిపోతుందో, మన డిపాజిట్టు ఎవరి వ్యాపారానికి పెట్టుబడి అవుతుందో చాలావరకు తేల్చేది ఆ ప్రశ్నే.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మన ప్రాంతంలో ఒక బ్యాంకు పేరు చెరిగిపోయింది. చిత్తూరు కేంద్రంగా పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకును 2025 మే 1న రాష్ట్రంలోని మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మార్చారు. ఇంతకాలం దానికి ఇండియన్ బ్యాంకు స్పాన్సర్‌గా ఉండేది. కొత్త బ్యాంకుకు యూనియన్ బ్యాంకు స్పాన్సర్ అయింది. ప్రధాన కార్యాలయాన్ని అమరావతికి నిర్ణయించారు. వాటాలు మాత్రం చట్టం చెప్పినట్టే ఉన్నాయి: కేంద్రానికి 50 శాతం, రాష్ట్రానికి 15, స్పాన్సర్ బ్యాంకుకు 35. శాఖ అదే వీధిలో ఉండవచ్చు, కౌంటరు వెనక మనిషీ అతడే కావచ్చు. కాని పెద్ద నిర్ణయాలు తీసుకునే గది చిత్తూరు దాటిపోయింది. దీనివల్ల మనకు లాభమా నష్టమా అన్నది ఆలోచించాలంటే యాజమాన్యం మారినప్పుడల్లా ఇంతకు ముందు ఏం జరిగిందో తెలుసుకోవాలి.

మన దక్షిణాదిలో బ్యాంకులు తొలుత ఊరి పెద్దల చేతుల మీదుగానే పుట్టాయి. 1906లో ఉడుపిలో ఖాన్ బహదూర్ హాజీ అబ్దుల్లా హాజీ ఖాసిం సాహెబ్ 5,000 రూపాయల మూలధనంతో మొదలుపెట్టిన సంస్థే తర్వాత కార్పొరేషన్ బ్యాంకు అయింది. మరుసటి ఏడు మద్రాసులో ఇండియన్ బ్యాంకు పుట్టింది. ఆర్బత్‌నాట్ అనే ఆంగ్లేయుల సంస్థ 1906లో కూలిపోయి వేలాది కుటుంబాల సొమ్ము మునిగినందువల్ల, మనవాళ్ల బ్యాంకు ఒకటి ఉండాలన్న పట్టుదలతో దాన్ని స్థాపించారు. 1923లో మచిలీపట్నంలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును నెలకొల్పారు. వీరందరి ఉద్దేశం మంచిదే. అయితే ప్రైవేటు బ్యాంకు ఎంత మంచిదైనా తనకు తెలిసిన వర్తకుడికీ, తన ఎదురుగా కనబడే ఆస్తికీ అప్పు ఇస్తుంది. మెట్ట సేద్యం చేసే రైతు, బండి మీద పండ్లు అమ్మేవాడు, మగ్గం నేసేవాడు దాని లెక్కలోకి రారు. 1960 దశకం చివరికి కూడా దేశంలో బ్యాంకులు ఇచ్చిన అప్పుల్లో వ్యవసాయానికి చేరింది నూటికి రెండు రూపాయల పైచిలుకు మాత్రమే.

1969 జులై 19న కేంద్రం 50 కోట్లకు మించి డిపాజిట్లున్న 14 బ్యాంకులను జాతీయం చేసింది. ఇండియన్ బ్యాంకు అందులో ఉంది. 1980 ఏప్రిల్ 15న, 200 కోట్లు దాటిన మరో ఆరింటిని తీసుకుంది. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు ఆ ఆరింటిలోవే. ఈ రెండు తేదీల మధ్య 1975లో గ్రామీణ బ్యాంకులు వచ్చాయి. పట్టణంలో ఒక శాఖ పెట్టుకోవాలంటే బ్యాంకు లేని నాలుగు ఊళ్లలో ముందు శాఖలు పెట్టాలన్న నిబంధన 1977 నుంచి 1990 దాకా అమలైంది. 1969లో దేశంలో 8,262 ఉన్న బ్యాంకు శాఖలు 1990 నాటికి దాదాపు 60,000 అయ్యాయి. కుప్పం, పలమనేరు, పుంగనూరు, వాయల్పాడు చుట్టుపక్కల పల్లెలకు బోర్డు కట్టిన బ్యాంకు వచ్చిందంటే ఈ విధానం వల్లనే వచ్చింది. లాభం ఒక్కటే చూసుకునే యజమాని అంత దూరం వచ్చేవాడు కాదు. ఈ శాఖల విస్తరణ వల్ల గ్రామాల్లో పేదరికం తగ్గిందని రాబిన్ బర్జెస్, రోహిణి పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2005లో లెక్కలు కట్టి చూపారు.

ఇది గతించిన ముచ్చట అని కొట్టిపారేయడానికి లేదు. 2014లో మొదలైన జన్‌ధన్ ఖాతాల్లో ప్రైవేటు బ్యాంకుల వాటా నూటికి ఐదుకు లోపే. 2020లో వీధి వ్యాపారుల కోసం తెచ్చిన స్వనిధి పథకంలో పది వేల రూపాయల తొలి అప్పును అత్యధికంగా ఇచ్చినవి ప్రభుత్వ బ్యాంకులే. ప్రాధాన్య రంగాలకు 40 శాతం అప్పులివ్వాలన్న నియమం ప్రభుత్వ, ప్రైవేటు బ్యాంకులు రెండింటికీ ఉన్నా, తిరుపతి బస్టాండు దగ్గర తోపుడు బండి పెట్టుకున్న మనిషిని కూర్చోబెట్టి కాగితం రాయించుకునే పని ఎక్కువగా ఎవరి మీద పడుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. యజమాని సర్కారు అయినప్పుడు సర్కారును నడిపేవారి కన్ను బ్యాంకు మీద పడుతుంది. షాన్ కోల్ అనే ఆర్థికవేత్త 2009లో ప్రచురించిన పరిశోధన ప్రకారం మన దేశంలో ఎన్నికల సంవత్సరంలో ప్రభుత్వ బ్యాంకుల వ్యవసాయ రుణాల పెరుగుదల మామూలు కంటే 5 నుంచి 10 శాతం పాయింట్లు ఎక్కువగా ఉంటుంది. పోటీ గట్టిగా ఉన్న జిల్లాల్లో ఇంకా ఎక్కువ. ఆ అదనపు అప్పు వల్ల పంట దిగుబడి మాత్రం పెరిగినట్టు కనబడలేదు. అంటే డబ్బు వచ్చింది గాని, అవసరాన్నిబట్టి రాలేదు. ఓట్లనుబట్టి వచ్చింది. రుణమాఫీల సంగతీ ఇలాంటిదే. 1990లో పది వేల రూపాయల దాకా మాఫీ, 2008లో కేంద్రం మాఫీ, 2014లో మన రాష్ట్రం మాఫీ. కరువుతో చితికిన అనంతపురం, చిత్తూరు వేరుశనగ రైతుకు అది ఊరటే. దాన్ని మేము తప్పుపట్టం. కాని కష్టపడి వాయిదా కట్టినవాడు వెర్రివాడైపోయాడు. మళ్లీ అప్పు ఇవ్వడానికి బ్యాంకు వెనకాడింది. ఆ వెనకాడటం వల్ల నష్టపోయినవాడు మళ్లీ చిన్న రైతే.

అంతకంటే పెద్ద ముప్పు పెద్ద అప్పుల దగ్గర వచ్చింది. మన చిత్తూరు జిల్లాకు లీడ్ బ్యాంకుగా ఉన్న ఇండియన్ బ్యాంకు కథే దీనికి సాక్ష్యం. 1995-96లో ఆ బ్యాంకు 1,336 కోట్ల రూపాయల నష్టం చూపింది. ఆ అప్పులు పల్లెల్లో మేకలు కొనుక్కున్నవారివి కావు. ఎగుమతులనీ పరిశ్రమలనీ చెప్పి పైస్థాయిలో మంజూరు చేయించుకున్న పెద్ద ఖాతాలే దాన్ని ముంచాయి. ఇరవై ఏళ్ల తర్వాత అదే కథ దేశం మొత్తం మీద నడిచింది. 2018 మార్చి నాటికి ప్రభుత్వ బ్యాంకుల అప్పుల్లో 14.6 శాతం మొండి బకాయిలయ్యాయి. కరెంటు, ఉక్కు, రోడ్లు అంటూ తీసుకున్న భారీ రుణాలే అందులో ప్రధానం. 2017లో రిజర్వు బ్యాంకు దివాలా చట్టం కింద మొదట పంపించిన 12 పెద్ద ఖాతాల్లో హైదరాబాదు కేంద్రంగా ఉన్న లాంకో ఇన్‌ఫ్రాటెక్ కూడా ఉంది. ఈ బ్యాంకులను నిలబెట్టడానికి 2016 నుంచి 2021 దాకా కేంద్రం మూడు లక్షల కోట్లకు పైగా మూలధనం పోసింది. అది మనం కట్టిన పన్నుల సొమ్మే.

మరి ప్రైవేటు యజమానికి అప్పగిస్తే అన్నీ చక్కబడతాయా? ఆ నమ్మకమూ నిలబడలేదు. 1994లో హైదరాబాదులో ఎంతో పేరుతో మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు షేరు మార్కెట్ వ్యాపారులకు హద్దు మీరి అప్పులిచ్చి దెబ్బతిన్నది. 2004 జులైలో దాని మీద మారటోరియం విధించారు. ఆగస్టులో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్ అనే ప్రభుత్వ బ్యాంకు దాన్ని కలుపుకుని డిపాజిటర్లను ఆదుకుంది. 2020 మార్చి 5న యస్ బ్యాంకు వంతు వచ్చింది. ఖాతాదారుడు 50,000 రూపాయలకు మించి తీసుకోరాదన్నారు. దాన్ని నిలబెట్టడానికి మళ్లీ స్టేట్ బ్యాంకే ముందుకు రావలసి వచ్చింది. తిరుపతిలో అందరికంటే పెద్ద డిపాజిటరైన తిరుమల తిరుపతి దేవస్థానం అంతకు కొన్ని నెలల ముందే యస్ బ్యాంకు నుంచి 1,300 కోట్లు వెనక్కి తీసుకుందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. వేల కోట్లున్న సంస్థకు సలహాదారులుంటారు, ముందే కబురు అందుతుంది. కూతురి నికాహ్ కోసం రెండు లక్షలు దాచుకున్న తండ్రికి ఆ కబురు చెప్పేవారెవరు? ఇక్కడే చిన్న డిపాజిటరుకు అసలు కష్టం.

సభ్యులే యజమానులైన సహకార బ్యాంకు ఇంకో దారి. మనవాళ్లది, మన పట్టణానిది అనే ఆత్మీయత అందులో ఉంది. చిత్తూరు జిల్లాలో సహకార పరపతి సంఘాలు తరతరాలుగా రైతులకు ఎరువులకూ విత్తనాలకూ అప్పులిస్తున్నాయి. కాని సభ్యులు సర్వసభ్య సమావేశానికి పోకుండా, లెక్కలు చదవకుండా ఉంటే పదిమంది డైరెక్టర్లే యజమానులైపోతారు. హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్ సహకార బ్యాంకు కూలిపోయినప్పుడు చిన్న చిన్న దుకాణదారులు ఎంత ఏడ్చారో పాఠకులు మరచిపోయి ఉండరు. మనవాడన్న నమ్మకం లెక్కల పుస్తకానికి బదులు కాదు.

ఇన్ని చూశాక మాకు తోచేది ఒకటే. యజమాని ఎవరన్నది మొదటి ప్రశ్న. ఆ యజమాని లెక్క ఎవరికి చెబుతాడన్నది అసలు ప్రశ్న. దీనికి మళ్లీ ఇండియన్ బ్యాంకునే సాక్ష్యం పిలుస్తాం. 1996లో మునిగినప్పుడు దాని యజమాని ప్రభుత్వమే. 2000లో శ్రీమతి రంజనా కుమార్ ఛైర్మన్‌గా వచ్చి గట్టెక్కించినప్పుడు కూడా యజమాని ప్రభుత్వమే. ప్రభుత్వం వేల కోట్లు పోసిన మాట నిజం. దానికి తోడు పెద్ద బకాయిల వసూలు మీద పట్టు బిగించారు, ఖర్చు తగ్గించారు, నష్టాల శాఖలను సర్దారు, ఏ లక్ష్యం ఎప్పటికి చేరాలో రాసుకుని దాని ప్రకారం జవాబు చెప్పారు. 2001-02కల్లా బ్యాంకు లాభంలోకి వచ్చింది. దేశవ్యాప్తంగా కూడా అంతే. 2017-18లో అన్నీ కలిసి 85,000 కోట్లకు పైగా నష్టపోయిన ప్రభుత్వ బ్యాంకులు, మొండి బకాయిలను దాచకుండా చూపాలని రిజర్వు బ్యాంకు పట్టుబట్టాక, 2023-24లో 1.41 లక్షల కోట్ల లాభం చూపాయి. యజమాని మారలేదు. అడిగేవాడు మారాడు.

ఇప్పుడు మన సమాజం సంగతి. మన కుటుంబాల్లో జీతం కంటే సొంత పని మీద బతికేవారే ఎక్కువ. టైలరింగు, మెకానిక్ షెడ్డు, మాంసం అంగడి, గాజుల దుకాణం, పండ్ల బండి, ఆటో, మదనపల్లె టమాటా మార్కెట్లో మండీ పని. వీటన్నిటికీ చిన్న పెట్టుబడి కావాలి. 2006లో సచార్ కమిటీ నివేదిక ఏం చెప్పిందో గుర్తుచేసుకుందాం. ప్రాధాన్య రంగం అప్పుల ఖాతాల్లో ముస్లింల వాటా 12 శాతం వరకు ఉన్నా, అప్పు మొత్తంలో వాటా 5 శాతం లోపే ఉంది. అంటే తలుపు తెరిచారు గాని, చేతిలో పెట్టింది తక్కువ. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ప్రతికూల ప్రాంతాలుగా గుర్తించి అక్కడ అప్పులకు వెనకాడుతున్నాయని కూడా ఆ కమిటీ రాసింది. వీధి పేరు చూసి దరఖాస్తు పక్కన పెట్టే అలవాటు ప్రైవేటు బ్యాంకులో ఉన్నా తప్పే, ప్రభుత్వ బ్యాంకులో ఉన్నా తప్పే. తేడా ఒక్కటి. ప్రభుత్వమే యజమాని అయిన చోట, పౌరులుగా మనం ఆ యజమానిని నిలదీయవచ్చు. ఆ నివేదిక తర్వాత కేంద్ర ఆర్థికశాఖ ప్రభుత్వ బ్యాంకులకు ప్రాధాన్య రంగంలో 15 శాతం మైనారిటీలకు చేరాలని లక్ష్యం పెట్టి లెక్క అడిగింది. యజమాని కాబట్టే అలా అడగగలిగింది. కాని లక్ష్యం కాగితం మీద ఉంటే సరిపోదు. మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్ సబ్సిడీ మంజూరు చేసినా బ్యాంకు శాఖ ఒప్పుకోక ఆగిపోయిన దరఖాస్తులు మన ఊళ్లలో ఎన్నో.

వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు మన పాఠకుల్లో చాలా ఉన్నాయి. ఆ విషయంలో ధర్మనిర్ణయం ఉలమాలది. మా మనవి వేరు. 2008లో రఘురాం రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగుకు వీలు కల్పించాలని సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించింది. ఆ ఖాళీలోకి హలాల్ లాభం పేరు చెప్పుకుని బ్యాంకులు కాని సంస్థలు ప్రవేశించాయి. తిరుపతితో సంబంధమున్న హీరా గ్రూపు మీద 2018లో కేసులు పడ్డాయి, 2019లో బెంగుళూరు ఐఎంఏ మూతపడింది. ఆ కేసుల న్యాయాన్యాయాలు కోర్టులు తేలుస్తాయి. సొమ్ము చిక్కుకున్న వితంతువుల, గల్ఫ్‌లో కష్టపడి పంపిన కొడుకుల బాధ మాత్రం మన కళ్ల ముందున్నదే. ప్రభుత్వ, ప్రైవేటు, గ్రామీణ, సహకార బ్యాంకుల్లో ఏదైనా సరే, రిజర్వు బ్యాంకు నిఘా ఉంటుంది. 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో డిపాజిటరుకు ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా ఉంది. బ్యాంకు కాని సంస్థలో పెట్టిన సొమ్ముకు ఆ బీమా లేదు. మతం పేరు చెప్పినంత మాత్రాన అమానత్‌కు రక్షణ దొరకదు. లెక్క అడిగే వ్యవస్థ ఉన్న చోటే దొరుకుతుంది.

కాబట్టి కొత్త గ్రామీణ బ్యాంకు విషయంలో మేము కోరేది స్పష్టం. ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా చిన్న అప్పుల మంజూరు అధికారం తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లోనే ఉండాలి. మన ప్రాంతంలో సేకరించిన డిపాజిట్లలో ఎంత మన ప్రాంతంలోనే అప్పుగా ఇచ్చారో శాఖలవారీగా ప్రకటించాలి. పెద్ద బ్యాంకు అయితే నష్టాన్ని తట్టుకునే శక్తి వస్తుందని విలీనాన్ని సమర్థించేవారు చెబుతున్నారు. అందులో నిజముంది. మంచి కంప్యూటర్లు, తక్కువ ఖర్చు కూడా వస్తాయి. కాని పుంగనూరు చింతపండు వ్యాపారి ఏ నెలలో అప్పు తీర్చగలడో తెలిసిన మనిషి శాఖలో లేకపోతే ఆ శక్తి అతడికి ఉపయోగపడదు. ఎంత కాలం వ్యాపారం చేశాడు, మాట మీద నిలబడతాడా అన్నది కంప్యూటరు చెప్పలేదు. ఇంట్లో బంగారం ఉన్నవాడికే అప్పు, లేనివాడికి నమస్కారం అన్నట్టయితే ప్రభుత్వం యజమాని అయినందుకు ఫలితమేమిటి?

జిల్లాకు రుణ ప్రణాళిక ఉంటుంది. కలెక్టరు అధ్యక్షతన బ్యాంకర్ల సమావేశాలు జరుగుతాయి. లీడ్ బ్యాంకు లెక్కలు చెబుతుంది. సమీక్షా సమావేశాలకు శాసనసభ్యులనూ పార్లమెంటు సభ్యులనూ పిలుస్తారు. మన మసీదు కమిటీలు, అంజుమన్లు ఎన్నికలప్పుడు శాసనసభ్యుడిని శ్మశానం గోడ అడుగుతాయి, షాదీఖానా అడుగుతాయి. వాటితోపాటు ఈ ఒక్కటి కూడా అడగాలి: నిరుడు మన నియోజకవర్గంలో ఎంతమంది చిన్న వ్యాపారులకు అప్పు దొరికింది, ఎంతమంది దరఖాస్తులు తిరస్కరించారు, ఎందుకు తిరస్కరించారు? ఈ ప్రశ్న వేసేవాడు లేకనే ఆ సమావేశాలు చాయ్ తాగి లేచిపోయే సభలవుతున్నాయి.

మన బాధ్యత కూడా ఉంది. దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు తీసుకోవాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. దుకాణం లెక్క చిన్న నోటుబుక్కులోనైనా రోజూ రాయాలి. తీసుకున్న అప్పు వాయిదా తప్పకుండా తీర్చాలి. ఒక్కడు ఎగవేస్తే ఆ వీధిలో పదిమందికి దారి మూసుకుపోతుంది. చదువుకున్న మన పిల్లలు జుమా తర్వాత ఒక గంట కూర్చుని ఇరుగుపొరుగు దరఖాస్తులు నింపిపెడితే అదొక సేవ అవుతుంది.

ఉడుపిలో హాజీ సాహెబ్ పెట్టిన బ్యాంకు, బందరులో పట్టాభిగారు పెట్టిన బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. ఇప్పుడు మన గ్రామీణ బ్యాంకుకు స్పాన్సర్ ఆ యూనియన్ బ్యాంకే. పేర్లు మారతాయి, బోర్డులు మారతాయి, యజమానులు మారతారు. డిపాజిట్టు మాత్రం ప్రజల అమానత్. అమానత్ పెట్టినవాడికి లెక్క అడిగే హక్కుంది. ఆ హక్కును వాడుకోని ప్రజలకు ఏ యజమానీ మేలు చేయడు.